ఉప్పు గోతాలు

రైలు కూత వినబడేసరికి లక్ష్మీదేవమ్మ సావిట్లో ఉన్న కారులో ఎడమవైపు సీటు మీద కూర్చుని తోలు మీది బూజు తుడుస్తోంది. వచ్చేశాడు, ఆయన వచ్చేశాడు అనుకుంటూ గుడ్డ పక్కన పడేసి, లేవడానికి కుడికాలు గట్టిగా మోపింది. కాలు ఆగలేదు. కింది రేకు పెద్దగా చప్పుడైనా చేయకుండా, నానిన అప్పడం చిరిగినట్టు చిరిగి, కాలు పిక్కదాకా దిగబడి, కారు కింద పరిచిన గోతాల మీద ఆగింది. ఒక్క క్షణం ఏం జరిగిందో ఆమెకు అర్థం కాలేదు. నేల కుంగిందేమో, పందికొక్కులు తవ్వాయేమో అని పిచ్చి ఆలోచనలు పోయాయి. తర్వాత చూసింది. కాలి చుట్టూ ఇటుకపొడి లాంటి ఎర్రటి పొడి, చీర కుచ్చెళ్ళ నిండా అదే. మెల్లగా కాలు పైకి లాక్కుంటే పిక్క గీరుకుపోయి నెత్తురు వచ్చింది, ఆ సంగతి ఆమె గమనించనే లేదు. మార్కాపురం రోడ్డు స్టేషను నుంచి ఊరికి ఎడ్లబండి రావాలంటే గంట. పరుపేసి మెల్లగా తోలమని మరిదికి చెప్పింది కాబట్టి ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. ఆ గంటలో ఏం చేయాలి, ఏం చేస్తే ఈ బొక్క పూడుతుంది, అసలు బొక్క ఒకటేనా?

ఒకటి కాదు. డ్రైవరు వైపు వంగి వేలితో నొక్కింది, వేలు పోయింది. సీటు పక్కన నొక్కింది, పెచ్చు ఊడి వచ్చింది. తలుపు అడుగున చేయి పెట్టి తడిమితే అరచేతి నిండా పొరలు పొరలుగా రాలింది. కొట్టి చూడు దేవమ్మా, చెవికి చెప్తుంది, అనేవాడు ఆయన. గరిట కాడ తీసుకుని కారంతా మెల్లగా కొట్టుకుంటూ పోయేవాడు, మంచి రేకయితే ఖంగుమంటుంది, లోపల పురుగు పడితే దబ్బుమంటుంది, రంగు చూసి మోసపోవద్దు, రంగు ఉబ్బిందంటే లోపల పని ఎప్పుడో మొదలైనట్టు. పెళ్ళయిన కొత్తలో వంటింట్లో గరిట కనబడక వెతుక్కుంటుంటే అత్త కాశమ్మ, పోయి సావిట్లో చూడు, నీ మొగుడు కారుకు వడ్డిస్తాండాడేమో అనేది. ఇప్పుడు గరిట లేదు, చేతి గాజు తీసి గాజుతోనే కొట్టింది. ముందు బానెట్టు మీద కొట్టింది, ఖంగుమంది. తలుపు మీద కొట్టింది, ఖంగుమంది. పచ్చరంగు నిగనిగలాడుతోంది, ఆముదం రాసి రాసి అద్దంలా చేసింది తనే, తన మొహం అందులో కనబడుతోంది. వంగి అడుగున కొట్టింది. దబ్. మళ్ళీ కొట్టింది. దబ్. మూడోసారి కొట్టబోయి గాజును చేతికి ఎక్కించుకుంది.

ఈ కారు దొనకొండ రైలు దొరది. మద్రాసులో కొన్నాడట, రెండే సీట్లు, పైన కప్పు లేదు, ఉన్నదల్లా మడిచి కట్టే గుడ్డ. దొర తన సీమకు పోతూ పోతూ ఆమె మొగుడు చెన్నకేశవులుకు ఇచ్చిపోయాడు. పలకల గని పనిమీద దొనకొండ పోయి దొరతో మాటలు కలిపి, కారు చుట్టూ పిచ్చిపట్టినట్టు తిరిగే రైతుబిడ్డను చూసి ఆ దొరకు ఏం ముద్దొచ్చిందో. అది ఊళ్ళోకి వచ్చిన రోజు మేకలు చెల్లాచెదురై, కాపరి సుబ్బులు చేతికర్ర పుచ్చుకుని కారును కొట్టడానికి వచ్చాడు. దొర చెప్పిన మాట ఆయన ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఇనుముకు శత్రువు సముద్రం, ఆ గాలి తగిలితే చాలు తినేస్తుంది, మద్రాసులో ఉన్నన్నాళ్ళు ఈ కారును గోకడమే నాకు పనయింది, మీ ఎండు సీమలో నూరేళ్ళుంటుంది పో అన్నాడట దొర. అప్పటికే పట్టిన తుప్పును ఆయన ఎండాకాలమంతా సావిట్లో బోర్లా పడుకుని గీకాడు, సీసాపెంకుతో గీకి, ఇసుకతో రుద్ది, రైలు వంతెనలకు వేసే ఎర్రరంగు పూసి, దానిమీద పచ్చరంగు వేశాడు. పొలంలో ఒక్క పూట వంగని మనిషి. సముద్రమెట్లుంటుంది అని అడిగింది తను ఒకసారి, ఆముదం గిన్నె అందిస్తూ. ఆయన కారు కింద నుంచి తల బయటికి పెట్టి, చూడలేదా నువ్వు అన్నాడు. తనెక్కడ చూస్తుంది, గిద్దలూరు దగ్గర పుట్టింది, ఇక్కడికి వచ్చింది, మధ్యలో కంభం చెరువు చూసింది, అదే పెద్ద నీళ్ళు. చూపిస్తాలే, దీంట్లోనే తీసకపోతా, అన్నాడు.

తీసుకుపోలేదు. కప్పులేని బండిలో మొగుడి పక్కన కోడలు కూర్చుని ఊరి మధ్యలోంచి పోతే కాశమ్మ బావిలో దూకుతానంది, దూకేదే. తమ్ముడు గురవయ్యను ఎక్కించుకుని దోర్నాల దాకా పోయాడు, గనిలో భాగస్తుణ్ణి ఎక్కించుకుని పొదిలి పోయాడు. ఎడమ సీట్లో ఊళ్ళో సగం మంది మగవాళ్ళు కూర్చున్నారు. ఆమె కూర్చుంది సావిట్లోనే. ఒక మధ్యాహ్నం అత్త నిద్రపోతుంటే చేయి పట్టుకుని తీసుకొచ్చి, తలుపు మూసి, ఎక్కు అన్నాడు. ఇంజను వేయలేదు. చక్రం పట్టుకుని నోటితోనే బుర్రుమంటూ, ఇది తర్లుపాడు, ఇది పొదిలి, గట్టిగా పట్టుకో గతుకులున్నాయి, చీమకుర్తి దాటినాం, అదుగో ఒంగోలు, ఇంక కొత్తపట్నం సముద్రమే, గాలి తగుల్తాందా? తగుల్తాంది అంది తను. మీసాలున్న మగాడు నోటితో కారు చప్పుడు చేస్తుంటే నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకుంది. సముద్రం వచ్చేలోపు కాశమ్మ లేచి పిలిచింది. దిగి పరుగెత్తింది. ఆ తర్వాత ఎన్ని మధ్యాహ్నాలు పోయారో, ఎప్పుడూ ఒంగోలు దాటాక ఏదో ఒకటి అడ్డం వచ్చేది, పాలవాడో, చుట్టమో, ఆఖర్న దగ్గు.

దగ్గు. కప్పులేని కారు గాలికి జలుబు చేసిందన్నారు మొదట. గనిలో పలకల పొడి అన్నారు. గుడ్డలో ఎరుపు కనబడ్డాక ఎవరూ ఏమీ అనలేదు. మదనపల్లె ఆసుపత్రికి పోయేముందు రోజు ఆయన కారును పలకల దొంతర్ల మీదికి ఎక్కించాడు, చక్రాలు నేలకు ఆనకుండా, కింద గుండ్లకమ్మ ఇసుక పోయించాడు తడి పీల్చుకుంటుందని. తనను నిలబెట్టి చెప్పాడు. శనివారం శనివారం ఆముదం రాయి. తలుపుల అడుగున నీళ్ళు పోయే బెజ్జాలుంటాయి, సూది పెట్టి తియ్యి, మూసుకోనీయొద్దు. లోపల అస్థిపంజరమంతా కర్రే, రేకు పైన కప్పినదే, కర్రకు చెదలు పట్టిందంటే ఇంక లేదు. చెదలు జాగ్రత్త. అన్నీ చెప్పి, దగ్గి, నవ్వి, అది ఎట్లుంటే నేనట్ల ఉన్నాననుకో అన్నాడు. మగవాళ్ళు తమాషాకు ఏదో అంటారు, పోతారు. పట్టుకుని వేలాడేది ఆడది.

పట్టుకునే వేలాడింది. యుద్ధమొచ్చి పెట్రోలుకు కూపన్లు పెట్టారు, గుడ్డ దొరకడం గగనమైంది, అవేవీ ఆమెకు అడ్డం కాలేదు. శనివారం పొద్దున తన తలకు నూనె పెట్టుకున్నా పెట్టుకోకపోయినా కారుకు పెట్టింది. ఏమమ్మా, నీ సవితికి తలంటు అయిందా అని వీధిలో ఆడవాళ్ళు పరాచికాలాడేవాళ్ళు, యల్లమ్మయితే సాంబ్రాణి కూడా వెయ్యరాదా అనేది. వేసింది కూడా, వేపాకు పొగ వేసింది దోమలకని, ఎలుకలకని. చెదలు మాత్రం ఆమెకు కంటి మీద కునుకు లేకుండా చేశాయి. ఎర్రనేల, గోడంతా పుట్టలే, రాత్రి తుడిచిన చోట పొద్దునకు మట్టి గీతలు. చెదలకు మందేమిటో ఈ చుట్టుపక్కల పుట్టిన ఎవరికి తెలియదు? పందిరి గుంజ పాతినా, ధాన్యపు గాదె నిలబెట్టినా గుంటలో గుప్పెడు ఉప్పు వేసి పాతుతారు, ఆమె తండ్రి వేశాడు, తాత వేశాడు. అందుకే గురవయ్యను మార్కాపురం ఉప్పుకొట్టుకు పంపింది. ఉప్పు మోసి మోసి బిరుసెక్కిన ఖాళీ గోతాలు బండెడు తెచ్చాడు. ఉతుకుదామా వదినా అన్నాడు. తాగే నీళ్ళకే తిప్పలైన ఏడాది, ఉతుకుడేంది, ఆ ఉప్పే గదా మనకు కావలసింది, అంది తను. అంది. ఈ నోటితోనే అంది. కారు కడుపు కింద పరిచింది, లోపల సీట్ల కింద కుక్కింది, పక్కల కర్రకూ రేకుకూ మధ్య సందుల్లోకి ఒక్కొక్క గోతాన్ని చించి గూటంతో దట్టించింది, చెదపురుగు చొరబడే సందు లేకుండా. దట్టిస్తుంటే చేతులు పగిలి మండాయి, మండినకొద్దీ సంతోషమైంది.

ఇప్పుడు ఆ ఎర్రపొడి వేలికి అంటుకుని ఉంది, ఎందుకో తెలియకుండానే నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది. మళ్ళీ పెట్టుకుంది. తుప్పు రుచి, దాని వెనక ఉప్పు. పోయిన వానాకాలం ముసురు పట్టి సావిడి గోడలు చెమర్చాయి, గోతాలు పట్టుకుంటే జిడ్డుగా తడిగా ఉండేవి, ఎండలొచ్చినా ఆరలేదు, చల్లగా ఉన్నాయిలే, కారుకు మంచిదే అనుకుంది. పైవి తీసి ఆముదం రాసి మళ్ళీ కప్పేది, కిందివి కదిలించలేదు, కదిలిస్తే చెదలు దారి చూసుకుంటాయని భయం. ఈ ఉప్పెక్కడిది? కొత్తపట్నం కయ్యల్లోది, బండ్ల మీద వస్తుంది, సముద్రం నీళ్ళు ఎండగట్టి తీస్తారట. ఆమె నోట్లో వేలు అట్లాగే ఉండిపోయింది. సముద్రానికి దూరంగా ఉంటే నూరేళ్ళుంటుందన్నాడు దొర. ఎన్నడూ కంటితో చూడని సముద్రాన్ని బండెడు గోతాల్లో తెప్పించి, మొగుడి కారు కడుపులో తన చేత్తో దట్టించింది. రెండేళ్ళు కాపలా కూడా కాసింది.

తలుపు చప్పుడైంది. కాశమ్మ గడప దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు, ఎప్పుడూ రాదు.

"ఏందమ్మే, ఇంకా ఈడనే కూచున్నావు? నీళ్ళు కాగినాయి. బండి కనపడతాదేమోనని ముమ్మారు పోయి చూసొచ్చినా."

"వచ్చాండా అత్తా."

"తుడిచినావా? వాడు ఇంట్లోకి రాడంట గదా, మొదులు దీంట్లోనే కూచుంటాడంట. గురవయ్యకు చెప్పి పంపినాడు. కూచోనీ." ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు గూడా పక్కన కూచో. ఊరంతా తిరుక్కోండి. నేనేమీ అనను."

ఆ మాట కోసం ఒకప్పుడు ఎంత ఏడ్చింది. కాశమ్మ కారును తగలబెట్టమన్న రోజులున్నాయి, కొడుకు దగ్గంతా ఆ గాలిబండి వల్లేనని. అట్లాంటిది ఇప్పుడు నేనేమీ అనను అంటోందంటే డాక్టర్లు గురవయ్యతో ఏం చెప్పారో అత్తకు కూడా అర్థమైపోయిందన్నమాట. ఇంక మా చేతిలో లేదు, ఇంటికి తీసుకుపోండి, ఏది కోరితే అది పెట్టండి. ఆయన కోరింది తిండి కాదు. దేవమ్మను ఎక్కించుకుని తర్లుపాడు రోడ్డు దాకా ఒక్కసారి. అంతే. గురవయ్య దొనకొండ పోయి, అక్కడి ఏరోడ్రోములో ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో, డబ్బా పెట్రోలు తెచ్చాడు, మూలన గోనెగుడ్డ కింద ఉంది, దాని వాసన సావిడంతా ఉంది. అత్తా, నేల ఊడిపోయింది అని చెబుదామని నోరు తెరిచింది. ముసలామె అప్పటికే వీధిలోకి పోతోంది.

ఆసుపత్రికి ఒక్కసారి పోయింది తను. మంచం మీద ఆయన మొహం సరిగా చూడకముందే ఆయన అడిగింది, తుప్పు పట్టిందా అని. కడుపు మండిపోయింది. ఎట్లా ఉన్నావని లేదు, తిన్నావా అని లేదు. ఒక్క చుక్క లేదు, నా సవితి లక్షణంగా ఉంది, అంది. ఆయన కళ్ళు మూసుకుని, అయితే ఫర్వాలేదు అన్నాడు. ఏది ఫర్వాలేదు? ఆ రోజు అర్థం కాలేదు, రైల్లో వస్తుంటే అర్థమైంది, దొనకొండ దాకా పోయే ఆడవాళ్ళెవరో ఉంటే వాళ్ళ ముందే ఏడ్చింది. అప్పటినుంచి బానెట్టు మీద చేయి వేస్తే ఆయన నుదుటి మీద వేసినట్టే ఉండేది, చల్లగా ఉంటే జ్వరం తగ్గిందనుకునేది. మెరిసేకొద్దీ నమ్మింది. కళ్ళ ముందు ఖంగుమంటుంటే అడుగున దబ్బుమంటుందని ఎవరనుకుంటారు?

లేచింది. ఏదో ఒకటి చేయాలి. కారు కిందికి దూరి గోతాలు పట్టి లాగింది, అవి రేకుకు అంటుకుపోయాయి, లాగితే రేకుతో సహా వచ్చాయి. లాగిన చోటల్లా వెలుతురు పడుతోంది. గోడ పక్కన పేర్చిన పలకల్లో పెద్దది ఒకటి తీసుకొచ్చి బొక్క మీద పరచబోయింది, అంచు నిలబడలేదు, పలక జారి ఇసుకలో పడి రెండుగా విరిగింది. చెక్కతో కప్పితే? కాళ్ళకు ఆనుతుంది, సరే, కానీ ఇంజను మోసే ఇనుప దూలం కూడా పెచ్చులే, కదిపితే కారు మధ్యకు విరుగుతుంది. కర్ర మాత్రం బాగుంది. తడిమి చూసింది, గట్టిగా, నున్నగా, నిన్న కొట్టుకొచ్చినట్టు, ఒక్క చెదపురుగు ముట్టలేదు. దాన్ని చూసేసరికి అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే గోతాలన్నీ ఈడ్చి పెరట్లో పడేసింది. మేకలు వచ్చి వాటిని ఆబగా నాకడం మొదలుపెట్టాయి.

ఇంట్లోకి పోయి గురవయ్య కప్పుకునే గొర్రెబొచ్చు గొంగళి తెచ్చి కారులో కాళ్ళచోట పరిచింది, ఎడమవైపు, కుడివైపు, అంచులు సీట్ల కింద దోపింది. చూడటానికి బాగానే ఉంది. ఆయనకు తెలియకూడదు, ఇంజను స్టార్టు కాలేదంటే సరిపోతుంది, పెట్రోలు బాగాలేదని గురవయ్యతో అనిపించాలి, రేపు చూద్దాం అనాలి. రేపు కూడా అదే. ఎన్ని రేపులున్నాయని? మొహం కడుక్కుంది, బొట్టు దిద్దుకుంది. ఎడ్ల గంటలు వినబడ్డాయి.

గురవయ్య వడ్లబస్తా ఎత్తే మనిషి, అన్నను రెండు చేతుల మీద ఎత్తుకుని సావిట్లోకి వస్తుంటే చేతుల్లో ఏమీ లేనట్టే నడిచాడు. చెన్నకేశవులు ముఖంలో కళ్ళే మిగిలాయి, అవి కారు మీదే ఉన్నాయి. తమ్ముడు మెల్లగా కుడివైపు సీట్లో కూర్చోబెట్టాడు. ఆయన చక్రం మీద చేతులు పెట్టుకుని, ముందున్న పచ్చటి బానెట్టును కాసేపు అట్లాగే చూశాడు.

"అద్దం చేసినావు గదే," అన్నాడు. గొంతు ఎక్కడో లోపలినుంచి వచ్చింది. "రా, ఎక్కు."

ఆమె అటు తిరిగి వచ్చి ఎక్కింది. గొంగళి మీద కాళ్ళు మోపకుండా, మోకాళ్ళు బిగబట్టి, పాదాలు గాలిలో ఉంచుకుని కూర్చుంది.

"పెట్రోలు పొయ్యనా అన్నా?" గురవయ్య డబ్బా ఎత్తి పట్టుకున్నాడు.

ఆయన పాతికసార్లు కలలో చేసినట్టు ఎడమకాలు క్లచ్చి మీదికి చాచాడు. బలం లేని కాలే, అయినా గొంగళి కుంగింది, కుంగి, ఆయన కాలితో పాటే కిందికి జారిపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది. ఏ చప్పుడూ లేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన పక్కకు వంగి, ఊడిన అంచు మీది పొడిని వేలితో తీసుకుని చూస్తున్నాడు. బయట మేకలు గోతాలను నాకుతున్న చప్పుడు వినబడుతోంది. ఆయన అటు చూశాడు.

"ఉప్పు గోతాలా?"

"చెదలు పట్టకుండా..." అంది.

ఆయన చేయి చాచి సీటు వెనక కర్రను తడిమాడు, వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"కర్రకు మంచిదే," అన్నాడు.

దగ్గు తెర వచ్చింది. గురవయ్య డబ్బా వదిలేసి పరుగెత్తుకొచ్చాడు, ఆమె కొంగు అందించింది, కొంగు ఎర్రబడింది. తెర తగ్గాక ఆయన తమ్ముణ్ణి చేత్తో పక్కకు పొమ్మన్నాడు. మళ్ళీ చక్రం పట్టుకున్నాడు. నోటితో చప్పుడు చేయడానికి ఊపిరి లేదు, పెదాలు మాత్రం కదిలాయి.

"తర్లుపాడు," అన్నాడు. కొంచెం ఆగి, "పొదిలి." ఇంకా ఆగి, "చీమకుర్తి." గడప దగ్గర కాశమ్మ నిలబడి ఉంది, ఈసారి ఎవరినీ పిలవలేదు. "ఒంగోలు గూడా అయిపాయ."

ఆమె ఆయన వైపు చూసింది. "ఇంకెంత దూరముంది?"

"వచ్చినాం," అన్నాడు చెన్నకేశవులు. "కాలికి ఇసుక తగులుతాంది. దించు, నువ్వు గూడా దించు."

లక్ష్మీదేవమ్మ బిగబట్టిన కాళ్ళను కిందికి వదిలింది.